వాడ బయటి కిన్నెర

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చి, చీరైనా మార్చుకోకుండా మంచం మీద నడుం వాల్చాను. మా మనవరాలు పక్కన చేరి తన ఫోను నా కళ్ల ముందు పెట్టింది. హైదరాబాదులో చదువుకుంటోంది. సెలవులకు బాన్సువాడ వచ్చినప్పుడల్లా నాకు ఏదో ఒకటి చూపించాలి దానికి.

"నానమ్మా, గిది జూడు. నీకు నచ్చుతది."

తెర మీద పెద్ద హాలు. నిండా నల్లజాతి జనం, పెద్దవాళ్లూ చంటిపిల్లల తల్లులూ. వేదిక మీద నెరిసిన జుట్టు ముసలమ్మ ఒకామె, రంగురంగుల తలగుడ్డ చుట్టుకుని, చిన్న పాత్రలోంచి ఒక మొక్క మొదట్లో కొద్దికొద్దిగా నీళ్లు పోస్తోంది. పోసినప్పుడల్లా ఒక పేరు పిలుస్తోంది. పిలిచినప్పుడల్లా హాలంతా ఒక్క గొంతుతో ఏదో బదులిస్తోంది.

"ఏం జేస్తుండ్రే వాళ్లు?"

"కథలు జెప్పేటోళ్లు నానమ్మా. వాళ్ల ముత్తాతలను ఓడలల్ల కట్టేసి అమెరికాకు తీస్కపోయి అమ్మిండ్రు గద. పేర్లు సుత మార్చేసిండ్రంట. చదువు నేర్వనియ్యలే. ఇగ నోటితోనే కథలు దాచుకున్నరు. ఇప్పుడు గీ పెద్దోళ్లు ఊరూరు తిరిగి పిల్లగాండ్లను కూసోబెట్టి నేర్పుతుండ్రు, అవి పోవద్దని. కథ మొదలువెట్టే ముందు గిట్ల పోయినోళ్లను పిలుస్తరు."

నేను లేచి కూర్చున్నాను. మళ్లీ పెట్టమన్నాను. ఆ భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ పేరు పిలిచాక ఆమె గొంతు దించి ఆగే తీరు, ఆగినంతసేపూ జనం ఊపిరి బిగబట్టే తీరు నాకు తెలుసు. నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మనవరాలు చూసి, "చలి పెడ్తుందా?" అని ఫ్యాను తగ్గించింది.

చలి కాదు. మా వాడ బయట, కోతలైపోయిన పొలాల అంచున, చిన్నప్పుడు నేను విన్న గొంతు అది.

నేను పుట్టిన ఊరు బాన్సువాడకు ఎడ్లబండి మీద ఒక పూట దారి. ఊరికి ఇవతల నిజాంసాగర్ కాలువ, కాలువకు ఇవతల మా మాదిగవాడ. వాడ మొదట్లో మట్టిగోడల ప్రార్థన గుడి. పైన పెంకులు, కింద పేడతో అలికిన నేల. మా బాపు, అంటే నాన్న, ఆ గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి. పాస్టరు అయ్యగారు నెలకోసారి బాన్సువాడ నుంచి సైకిలు మీద వచ్చి ప్రభు భోజన సంస్కారం ఇచ్చి వెళ్లేవాడు. మిగతా ఆదివారాలన్నీ బాపువే.

వాడలోకి రాగానే ముందు వాసన తగిలేది. మా తాత పోయాక కూడా తోళ్లు నానబెట్టే ఆయన లంద గుంట ఇంటి వెనకే ఉండేది. సున్నం, తంగేడు చెక్క, పచ్చితోలు కలిసిన ఘాటు వాసన. కొత్తవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. మాకు మాత్రం అది ఇంటి వాసన. దానికి తోడు దండెం మీద ఎండుతున్న మాంసం తునకల వాసన, కోతల కాలంలో కొత్త బియ్యం గంజి వాసన. ఇప్పటికీ ఎక్కడైనా తంగేడు పూత చూస్తే నా నాలుక మీదికి గంజి రుచి వస్తుంది.

మా అవ్వ, అంటే బాపు తల్లి, చదువుకోలేదు. కానీ మా వాడలో సగం మంది రక్షణలోకి వచ్చింది బాపు ప్రసంగాల వల్ల కాదు, అవ్వ చెప్పిన కథల వల్ల. వర్ని దిక్కు ఆంధ్రోళ్ల పొలాల్లో నాట్లు వేస్తూ, కోతలు కోస్తూ జలప్రళయపు ఓడ కథ, తప్పిపోయిన కొడుకు కథ చెప్పేది. చెప్పడం కాదు, సగం పాట. "ఆ పందుల కాడ కూసున్నడే నాయినా, పొట్టు తిందామనుకున్నడే" అని రాగం తీస్తే కోత ఆపి కూలీలు కళ్లు తుడుచుకునేవాళ్లు. ఆంధ్రా ఆసామి గట్టు మీద నిలబడి, "ఏమే, ముందు ఆ కొడుకుని ఇంటికి చేర్చు, నా మడి తెగేట్టు లేదు" అనేవాడట. అవ్వ కొడవలి ఊపుతూ, "వాళ్ల నాయిన ఎదురువోవాలె దొరా, గంత జల్ది వస్తడా?" అనేది.

ఆ రాగం ఆమెకు ఎక్కడిదో వాడలో అందరికీ తెలుసు. కిన్నెర తాతది.

కిన్నెర తాత డక్కలాయన. డక్కలివాళ్లు మా మాదిగవాళ్లకు మాత్రమే కథ చెబుతారు. వేరే కులం ఇంటి ముందు నిలబడరు. ఏటా కోతలైపోయాక డోంగ్లి దిక్కు నుంచి ఆయనా ఆయన భార్యా వచ్చేవాళ్లు. భుజాన గుమ్మడి బుర్రల కిన్నెర, దాని కొనన చెక్కతో చేసిన నెమలి. మా వాడలోకి మాత్రం అడుగు పెట్టేవాళ్లు కారు. అది పద్ధతి. ఊరి వాళ్లు మమ్మల్ని కాలువ ఇవతల ఉంచినట్టే, మేం వాళ్లను వాడ చివరి కంచె అవతల ఉంచాం. చిన్నప్పుడు నాకు ఇది వింతగా తోచలేదు. కంచె అవతల కూర్చుని ఆయన చెప్పేవాడు, ఇవతల కూర్చుని మేం వినేవాళ్లం. వడ్లు, పాత బట్టలు, కూర కంచె మీంచే అందించేవాళ్లం.

"అవ్వా, గా తాత ఎప్పుడొస్తడే?" అని కోతలు మొదలైన రోజు నుంచీ నేను ప్రాణం తీసేదాన్ని.

"వస్తడు తియ్. నీకేమన్న మొగుణ్ణి తెస్తుండా, గంత తొందరేంది?"

అలా కసిరేది కానీ, నాకంటే ఎక్కువగా ఎదురుచూసేది ఆమే.

పొద్దు వాలాక కథ మొదలయ్యేది. ముందు మా కులం పుట్టుక కథ. అది సాగుతుండగా పిల్లలం పల్లికాయలు నములుతూ ఒకరినొకరు గిల్లుకునేవాళ్లం. ఆ తర్వాత వచ్చేది అసలైన ఘట్టం. తాత కిన్నెర మీద ఒకే తీగ మీటుతూ, ఇంటింటి వరసా పట్టుకుని, ఆ ఇంట్లో పోయినవాళ్లను పేరుపేరునా పిలిచేవాడు. ముత్తాత నుంచి నిన్నటి చంటిబిడ్డ దాకా. కాగితం లేదు, గుర్తు లేదు, అంతా ఆయన నోట్లోనే. ప్రతి పేరు తర్వాతా ఆయన భార్య వంత పాడేది: "ఉన్నడమ్మ ఉన్నడు, ఇంటిదిక్కే ఉన్నడు." ఆడమనిషైతే "ఉన్నదమ్మ ఉన్నది." అప్పుడు పల్లికాయ నమిలే చప్పుడు కూడా ఆగిపోయేది. కంచె అవతల, తాత వెనక, కోసిన వరికొయ్యల మధ్య పిలుపు విన్నవాళ్లంతా వచ్చి నిలబడ్డారని మా నమ్మకం.

ఒక ఏడు నేనూ మా చిన్నాయన కొడుకూ కలిసి పొయ్యిలో బూడిదంతా ఎత్తుకెళ్లి కంచె అవతల చల్లొచ్చాం. చచ్చినవాళ్ల అడుగులు పడతాయో లేదో చూడాలని. పొద్దున వెళ్లి చూస్తే కోళ్ల కాళ్లు, కుక్క కాళ్లు, ఒక మూలకు చిన్న పిల్లాడి పాదం ఒకటి. నాది పెట్టి చూశాను. నా పాదం పెద్దదైంది. మా చిన్నాయన కొడుకుదీ పెద్దదే. ఇద్దరం ఒక్క మాట మాట్లాడకుండా ఇంటికి పరుగెత్తాం. బూడిద దొంగతనానికి అమ్మ చీపురు తిరగేసింది. ఆ దెబ్బలు హాయిగా అనిపించాయి, మనుషుల మధ్యే ఉన్నానని.

మా ఇంటి వరసలో చివరి పేరు ఒక పిల్లాడిది. అవ్వ తొలిచూలు కొడుకు, బాపుకి అన్న. నడక నేర్చి, వాకిట్లో కోడిపిల్లల వెంట తిరిగే వయసులో గత్తర, అదే కలరా, వచ్చి పోయాడు. అప్పటికి మా ఇంటికి సువార్త రాలేదు. బాపు ఇంకా పుట్టలేదు. మా వాడలో ఒక కట్టుబాటు ఉండేది. పోయిన తొలిచూలు బిడ్డ పేరు కన్నతల్లి నోట రాకూడదు. తల్లి పిలిస్తే వాడు తన దారిన పోలేక వెనక్కి తిరుగుతాడని. తల్లి పలకదు కాబట్టి ఇంట్లో ఇంకెవరూ పలకరు. అలా ఆ పేరు తాత నోట్లోనే మిగిలింది. ఏడాదికి ఒక్కసారి, కంచె అవతలి నుంచి, అవ్వ తన కొడుకు పేరు వినేది. విన్నప్పుడు ఏడ్చేది కాదు. వాకిట్లో ఆడుతున్న పిల్లాడిని ఎవరో మెచ్చుకుంటే తల్లి మొహం ఎలా ఉంటుందో, అలా ఉండేది. నేనూ ఆ పేరు ఏటా విన్నాను. పిల్లను కదా, వరసలో అదీ ఒక పేరని విన్నాను, మనసులో పెట్టుకోలేదు.

తర్వాత ఒక ఏడు కోతలకు ముందే అయ్యగారు వచ్చి బాపుని గుడి వెనక్కి పిలిచి మాట్లాడాడు. సంఘం అంచున కూర్చుని ఒకడు కులం పుట్టుకకు వేరే దేవుళ్ల కథ చెబుతుంటే, చచ్చినవాళ్లను పిలుస్తుంటే, ఉపదేశి తల్లే ముందు వరసలో కూర్చుంటే ఎలా అన్నాడట. కోపంగా అనలేదు. బాధపడ్డాడు. అందుకే బాపుకి ఎక్కువ తగిలింది.

ఆ పూట అన్నం దగ్గర బాపు తల ఎత్తకుండానే అన్నాడు.

"అమ్మా, ఈ ఏడు కిన్నెరాయన కథ వద్దు."

అవ్వ పచ్చిపులుసు కలుపుతున్న చెయ్యి ఆపింది. "ఎందుకు వద్దురా?"

"ఉపదేశి ఇంట్లనే గిట్లయితే వాడోళ్లకు నేనేం చెప్పాలె?"

"ఆయన మీ తాతల పేర్లు ఎత్తుతుండు. అండ్ల తప్పేమున్నది?"

"పోయినోళ్లు దేవుని చేతిల ఉన్నరమ్మా. వాళ్ల పేర్లు ఆయనకెరికె."

"ఆయనకెరికేరా, నేను కాదన్ననా?" అంది అవ్వ. "నాకు ఇనబడాలె గద."

బాపు చెయ్యి కడుక్కుని గుడికి వెళ్లాడు. చాలా రోజులు మోకాళ్ల మీద ఉండి ప్రార్థించాడు. అప్పుడు ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. అది దేవుడే ఇచ్చాడని బాపు నమ్మాడు. ఇప్పటికీ నేనూ కాదనలేను.

కోత పండుగ దగ్గరపడింది. కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు, మేకపిల్ల, ఎవరికి కలిగింది వాళ్లు గుడికి తెచ్చి అర్పించే రోజు. ఆరాధన తర్వాత ప్రేమ విందు. ఆ ముందు ఆదివారం బాపు ప్రసంగం ఆ కంచె మీదే. ప్రభువు అడ్డుగోడ పడగొట్టాడని రోజూ చెప్పుకుంటున్నాం, మరి మన వాడ చివర కంచె ఎవరిది, ఊరోళ్లు కట్టారా మనం కట్టామా అని అడిగాడు. నాకు గుర్తున్న బాపు ప్రసంగాల్లో అంత గొప్పది ఇంకొకటి లేదు. చివర ఆయన అన్నాడు, ఈ ఏడు కిన్నెరాయన బయట కూర్చుని కథ చెప్పడు, లోపల మన పక్కన కూర్చుని అన్నం తింటాడు.

అవ్వ కళ్లలో నీళ్లు. బాపుని చూసి అంత గర్వపడటం నేను అంతకు ముందు చూడలేదు. ఇంటికి వస్తూ నాతో అంది, "ఇంతకాలం నా కొడుకు పేరు కంచె అవుతల ఇన్న. గీపారి పక్కన కూసొని ఇంట." కులం కథ వద్దంటే వద్దు, తిన్నాక పేర్లు మాత్రం చెప్పమంటాను, గుడి వాకిట్లో చెబితే అయ్యగారు మాత్రం ఏమంటాడు అని ఆమె లెక్క.

కోత పండుగ రోజు వాళ్లు వచ్చారు. ఎప్పటిలాగే కంచె దగ్గర ఆగారు. బాపు తెల్ల ధోవతి కట్టుకుని, సంఘం పెద్దలను వెంటబెట్టుకుని ఎదురెళ్లాడు. నేను బాపు చెయ్యి పట్టుకుని ఉన్నాను.

"లోపటికి రాండ్రి. గుడిల మీకు సాప ఏసినం."

కిన్నెర తాత నవ్వాడు, పరాచికం అనుకుని. తర్వాత బాపు మొహం చూసి నవ్వు ఆపేశాడు. వెనక్కి తిరిగి భార్యను చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"పోవద్దు," అంది. "తొక్కినవంటె మల్ల రాలేవు."

"మా తాత గీ కంచె కాడ్నే సచ్చిండు," అన్నాడు తాత ఆమెతో. "మా అయ్య కాళ్లు గీడనే వడిపోయినయ్. ఒక్కపారన్న లోపటికి రమ్మని ఎవలన్న పిలిచిండ్రా? గింతమంది వచ్చి పిలుస్తుంటె రానంటె ఎట్లుంటదే?"

"నీ ఇష్టం. నేనైతే రాను. కిన్నెర కాడ ఉంట."

ఆయన కిన్నెర దింపి ఆమె చేతికిచ్చాడు. చెప్పులు విడిచాడు. కంచె తడిక బాపు తన చేతులతో పక్కకు జరిపాడు. ఆయన అడుగు లోపల పడగానే ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. గుడి గడప ముందు మళ్లీ ఆగాడు. వంగి, గడపను చేత్తో తాకి, కళ్లకద్దుకుని, దాటాడు.

ఆ రోజు కొత్త బియ్యం అన్నం, మేకకూర, గుమ్మడికాయ పులుసు. మా అమ్మ తాతకు మా కంచంలోనే వడ్డించింది. బాపు ఆయన పక్కనే కూర్చున్నాడు. తాత మొదటి ముద్ద చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. ఎవరో, "ఏంది తాతా, కూరల ఉప్పు తక్కువైందా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి తిన్నాడు. రెండోసారి పెట్టించుకున్నాడు. సంఘం అంతా ఒకటే సంతోషం. పరలోకపు విందు ఎలా ఉంటుందంటే ఈనాటికీ నాకు ఆ చాపలే గుర్తొస్తాయి.

చేతులు కడుక్కున్నాక అవ్వ ఆయన ముందుకు వచ్చి కూర్చుంది. ఆ రోజు కోసం ఉతికి ఆరేసిన చీర కట్టుకుంది.

"ఇగ మా ఇంటి పేర్లు చెప్పు," అంది.

తాత మొహం మారిపోయింది.

"పెద్దింటమ్మా, నేను మీ గడప తొక్కిన. మీ కంచంల తిన్న. ఇగ మీ సుట్టాన్నయిన గద."

"అయితే?"

"బయటోడు పోయినోళ్లను పిలువచ్చు. వాళ్లొస్తరు, ఇని పోతరు. సుట్టం పిలువద్దు. సుట్టానికి ఏడ్చుడే ఉంటది, చెప్పుడుండదు. మా అయ్య నాకు గదే చెప్పిండు. కథ బతికేదే బయట నిలవడితె."

"ముందే ఎందుకు చెప్పకపోతివి?" అన్నాడు బాపు.

"మీరు అడగలే. నేను చెప్తె మీరు పిలవకపోదురు." ఆయన తల వంచుకున్నాడు. "నాకు లోపటికి రావాలనుండె."

అని నిజంగానే ఏడ్వడం మొదలుపెట్టాడు. మా తాతల కోసం, ముత్తాతల కోసం, చుట్టం ఏడ్చినట్టే, రొమ్ము మీద కొట్టుకుంటూ. ఎవరి పేరూ ఎత్తలేదు.

అప్పుడు కంచె దగ్గర నుంచి కిన్నెర తీగ మోగింది. అందరం గుడి బయటికి వచ్చాం. ఆయన భార్య ఒక్కతే అవతల కూర్చుని ఉంది. మా అన్నం తినలేదు కనుక ఆమె ఇంకా బయటి మనిషే. కానీ ఆమెకు వచ్చింది వంత ఒక్కటే. పేర్లు ఆమె విద్య కాదు. ఆమె తీగ మీటి, ఒక పేరు పట్టేంతసేపు ఊరుకుని, "ఉన్నడమ్మ ఉన్నడు, ఇంటిదిక్కే ఉన్నడు" అంది. మళ్లీ ఊరుకుంది. మళ్లీ అంది. ఒక్కో ఖాళీ ఒక్కో పొడవు. ఏ ఇంటి వరస ఎప్పుడు నడుస్తోందో వాడలో పెద్దలు పోల్చుకున్నారు. ఖాళీలో నిలబడ్డవాళ్లెవరో నాకు తెలియదు, కానీ నిలబడ్డారు. చదువుకున్నదాన్ని, వాక్యం ఎరిగినదాన్ని, ఈ మాట రాయడానికి సంకోచిస్తాను. అయినా అది అబద్ధం కాదు. పట్టపగలు, కోసిన పొలంలో, గాలి లేకుండా వరికొయ్యలు కదలడం నేను చూశాను.

మా ఇంటి వరస వచ్చింది. చివరి ఖాళీ చిన్నది. పసివాడి పేరు కదా. అవ్వ ముందుకు వంగింది. ఏమీ వినబడలేదు. "ఉన్నడమ్మ ఉన్నడు" అన్నది మాత్రం వినబడింది.

మరుసటి ఏడు కోతలయ్యాయి. వాళ్లు రాలేదు. అవ్వ కంచె దిక్కు చూసుకుంటూ తిరిగేది. తడిక పక్కకు జరిపి ఉంచిన చోట అలాగే ఉంది. బాపు దాన్ని మళ్లీ పెట్టలేదు. ఆమె అడగలేదు కానీ, పొలాల్లో కథలు చెప్పడం మానేసింది. కూలీలు అడిగితే, "గొంతు పట్టింది" అనేది. అది చూసి బాపు తట్టుకోలేకపోయాడు.

ఒక పొద్దున సైకిలు వెనక కొత్త బియ్యం మూట కట్టి, ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని డోంగ్లి దిక్కు బయల్దేరాడు.

"ఏమని అడుగుతవురా?" అంది అవ్వ గుమ్మంలోంచి.

"మునుపటి లెక్కనే కంచె అవుతల నిలవడి చెప్పుమంట. తప్పు నాదే అంట."

దారంతా బాపు ఆ మాటలే లోలోపల అనుకుంటూ తొక్కాడు. నా నెత్తి మీద ఆయన ఊపిరిలో అవి తగులుతుండేవి. డోంగ్లి దగ్గర ఊళ్లో అడిగితే సగం తెలుగు సగం మరాఠీలో దారి చెప్పారు. ఊరి చివర గుడిసెలు. మమ్మల్ని దూరం నుంచి చూసి ఒక పోరడు లోపలికి పరుగెత్తుతూ అరిచాడు, "పాహుణే ఆలే! పాహుణే ఆలే!" చుట్టాలొచ్చారని.

కిన్నెర తాత కుక్కి మంచంలో ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. మమ్మల్ని చూసి లేవబోయి లేవలేకపోయాడు. కిన్నెర మీద గుడ్డ కప్పి వాసానికి వేలాడదీశారు. చుట్టుపక్కల గుడిసెల వాళ్లందరూ వచ్చి మమ్మల్ని చూస్తున్నారు. ఏడాదిగా ఆయన అందరికీ చెబుతున్నాడట, నాకు ఫలానా ఊళ్లో చుట్టాలున్నారు, నేను వాళ్ల కంచంలో తిన్నాను అని. నమ్మనివాళ్లు ఎగతాళి చేసేవాళ్లట.

"ఇగ జూడుండ్రి," అన్నాడు తాత వాళ్లతో. "అబద్ధమన్నరు గద. వచ్చిండా లేదా మావోడు?"

ఆయన భార్య చెంబుతో నీళ్లు తెచ్చి బాపు కాళ్ల మీద పోసింది. ఆనాడు లోపలికి రానన్న మనిషే. జొన్నరొట్టె, ఎండుచేపల పులుసు పెట్టింది. మాకు పెట్టినదంతా ఆ పూట వాళ్లిద్దరిదీ అని గిన్నె చూస్తే తెలిసింది. బాపు రొట్టె తుంచాడు. ఆయన నోరు తెరవడం నేను చూశాను. ఒకసారి మూట వైపు చూశాడు, ఒకసారి వాసానికి వేలాడే కిన్నెర వైపు, తర్వాత మంచంలోంచి తనవైపే మెరుస్తున్న కళ్లతో చూస్తున్న తాత వైపు. చుట్టూ నిలబడి చూస్తున్న జనం వైపు కూడా.

"ఇంకింత పులుసు పొయ్యి అవ్వా," అన్నాడు.

తిరిగి వస్తూ బాపు కాలువ గట్టు మీద సైకిలు ఆపి, దిగి, కాసేపు నీళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు. మొహం కడుక్కుని మళ్లీ ఎక్కాడు.

అవ్వ వాకిట్లోనే కూర్చుని ఉంది. పొద్దు వాలుతోంది.

"అడిగినవా?"

"అన్నం పెట్టిండ్రమ్మా."

అవ్వ కంచె దిక్కు చూసింది. తర్వాత అడిగింది. "కూరేంది?"

"ఎండుచేపల పులుసు."

"మల్ల పెట్టించుకున్నవా?"

"పెట్టించుకున్న."

"మంచిగ చేసినవ్," అంది అవ్వ. మోకాళ్ల మీద చేతులానించి లేచింది. వాకిలి దాటి, వీధి వైపు మొహం పెట్టి నిలబడింది. ఆటలో పడి అన్నానికి రాని పిల్లాణ్ణి పిలిచినట్టు, కొంచెం కోపంగా, కొంచెం గారంగా, గట్టిగా తన కొడుకు పేరు పిలిచింది.

ఎన్నో ఏళ్లుగా ఆ నోట రాని పేరు. వాకిట్లో కోళ్లు ఉలిక్కిపడి లేచాయి. అమ్మ పొయ్యి దగ్గర నుంచి బయటికి వచ్చి చెంగు నోట్లో కుక్కుకుంది. బాపు సైకిలు పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. అన్న పేరు ఆయన కన్నతల్లి నోట వినడం అదే మొదలు. ఆ రోజు మాత్రం నేను ఆ పేరును పోనివ్వలేదు. గట్టిగా పట్టుకున్నాను.

ఆనాటి నుంచి అందరం తిని లేచేదాకా అవ్వ మా ఇంటి తలుపు వెయ్యనిచ్చేది కాదు. వానొచ్చినా సరే. పిలిచిన మనిషి వస్తే తలుపు వేసి ఉండకూడదని. ఉపదేశి ఇంట్లో ఇదేంటని సంఘంలో ఎవరో అంటే, బాపు "మా అన్న రావాలె" అన్నాడు. నవ్వుతూ అన్నాడో లేదో నాకు గుర్తులేదు.

ఆ శీతాకాలంలోనే కిన్నెర తాత పోయాడని కబురొచ్చింది. బాపు చుట్టం వెళ్లినట్టు వెళ్లి, చుట్టం ఏడ్చినట్టు ఏడ్చి వచ్చాడు. మా వాడ పోయినవాళ్ల పేర్లన్నీ ఆయనతో పాటే మట్టిలోకి వెళ్లాయి.

కంచె పోవలసిందే. దాని మీద నాకు అనుమానం లేదు. మా బాపు చేసింది ప్రభువు చెయ్యమన్న పనే. ఒక మనిషిని లోపలికి పిలవడం తప్పని నన్ను ఎవరూ ఒప్పించలేరు. కానీ ఆ రోజు లోపలికి వచ్చింది ఒక్కడు, బయట ఉండిపోయింది ఎంతమందో. వాళ్లు ఎక్కడున్నారో వాక్యం నాకు చెబుతుంది, నేను నమ్ముతాను. నిద్రిస్తున్నారు, లేస్తారు. అయితే లేచేటప్పుడు పేరు పెట్టి పిలవాలి కదా అని ముసలితనంలో నాకు ఒక్కోసారి దిగులు పుడుతుంది.

ఏటా కోత పండుగ ఆరాధనలో, పోయినవాళ్లను తలుచుకునే ప్రార్థనకు ముందు, బాన్సువాడ గుడిలో అయ్యగారు ఎవరి ఇంటివాళ్ల పేర్లు వాళ్లను లేచి చెప్పమంటాడు. నేను లేస్తాను. మా అమ్మ, బాపు, అవ్వ, నా భర్త. తర్వాత బాప్తిస్మం లేని ఆ పసివాడి పేరు. కొత్తగా వచ్చిన అయ్యగారు మొదటి ఏడు అడిగాడు, ఈయన ఎవరమ్మా అని. మా పెదనాన్న అన్నాను. ఎంత వయసులో పోయారు అన్నాడు. నడక నేర్చిన వయసులో అంటే కాసేపు నా వైపు చూసి, ఆ పేరు కూడా ప్రార్థనలో కలిపాడు.

చెప్పడం అయిపోయాక కూర్చోవాలి. నేను కాసేపు నిలబడే ఉంటాను. పక్కన ఉన్నవాళ్లు మోకాళ్ల నొప్పులనుకుని చెయ్యి అందిస్తారు. నా వెనక ఇంకా చాలామంది ఉన్నారని, వాళ్లు కూర్చోకుండా నేను కూర్చోవడం బాగుండదని వాళ్లకు ఎలా చెప్పను.